కొమ్మ వేళ్ళూనిన వేళ

పదకొండు కొమ్మలలో పదకొండూ చిగిర్చాయి. నాటిన పదవ రోజు ఉదయం అమ్మను చేయి పట్టుకొని వరండాలోకి తీసుకువచ్చి చూపించాను. ఎండు పుల్లల వంటి ఆ మల్లె కొమ్మల కణుపుల నుండి బియ్యపు గింజలంత పచ్చని మొనలు పొడుచుకు వచ్చి ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఒక మొక్కను నా చేతులతో పుట్టించానన్న గర్వం నాలో పొంగుతున్నది. అమ్మ కళ్ళద్దాలు సవరించుకొని ఒక్కొక్క తొట్టె దగ్గరా వంగి చూసింది.

"తొందరపడకు నాన్నా. అదింకా తల్లి పాలే తాగుతోంది" అన్నది.

ఆ మాటకు అర్థం నాకప్పుడు బోధపడలేదు. మూడవ వారం ముగిసేసరికి చిగుళ్ళన్నీ ఒకదాని తరువాత ఒకటి వాడి, నల్లబడి రాలిపోయాయి. ఒక కొమ్మను పెరికి చూశాను. ఒక్క వేరు కూడా లేదు. మట్టిలో ఉన్న భాగం మెత్తబడి, నల్లబడి, కుళ్ళు వాసన కొడుతున్నది. మిగిలిన పదింటినీ పెరికాను. అన్నిటిదీ అదే గతి.

ఇది సరదాకు పెంచిన పూలమొక్క కథ అయితే ఇక్కడితో మరచిపోయి ఉండేవాడిని. కాని ఆ మల్లె కథ వేరు. 1962లో అమ్మ అత్తవారింటికి వచ్చిన కొత్తలో, అమలాపురం దగ్గరి పల్లెలో ఉన్న తన పుట్టింటి పందిరి నుండి ఒక కొమ్మ తెచ్చి మండపేటలో మా పెరటి బావి ప్రక్కన నాటుకున్నది. బొడ్డుమల్లె. అరవై ఏళ్ళపాటు ఆ ఇంట జరిగిన పెళ్ళిళ్ళకూ, పేరంటాలకూ, శ్రావణ శుక్రవారాలకూ పూలు ఆ పందిరివే. అమ్మ పుట్టింటి పందిరి ఎప్పుడో పోయింది. 2022 వేసవిలో మా ఇల్లు కూడా అమ్ముడుపోయింది. కొన్నవారు దానిని పడగొట్టి అంతస్తుల మేడ కట్టబోతున్నారు. నాతో నాగపూరు రావడానికి అమ్మ ఒప్పుకున్నది గాని, ఒకే ఒక్క కోరిక కోరింది. అది ఇల్లు కాదు, నగలు కాదు, మల్లె.

అరవై ఏళ్ళ పాదును పెకలించి రైలులో తీసుకుపోవడం అయ్యే పని కాదు. కొమ్మలు తీసుకుపోవడమే మార్గం. బ్యాంకు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకు పైగా అంకెలు కూడినవాడిని. మట్టి ముట్టినవాడిని కాను. మే నెలలో పదకొండు కొమ్మలు నరికి, వార్తాపత్రికలో చుట్టి, విజయవాడలో బండి మారి నాగపూరు చేర్చాను. ఎరువు దండిగా కలిపిన మట్టిలో గ్రుచ్చి, ఎండ బాగా తగిలే చోట పెట్టి, పూటకొక చెంబు నీళ్ళు పోశాను. అంటే, చేయకూడని పనులన్నీ ఒకే వారంలో చేశాను.

చిగురు ఎందుకు మోసగించింది? కొమ్మను తల్లి చెట్టు నుండి కోసినప్పుడు దాని కాండంలో కొంత పిండిపదార్థం, కొంత నీరు నిలువ ఉంటాయి. కణుపులలో నిద్రిస్తున్న మొగ్గలు ఆ నిలువను తిని మేల్కొంటాయి. వాటికి వేళ్ళతో అప్పటికి పని లేదు. అమ్మ చెప్పిన తల్లి పాలు అవే. అయితే చిగురు విచ్చి ఆకు అయిన మరుక్షణం నుండి దాని పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరై పోతూ ఉంటుంది. దీనినే బడి పుస్తకాలలో బాష్పోత్సేకం అని చదువుకున్నాం. ఖర్చు మొదలైంది, రాబడి లేదు. క్రింద వేళ్ళు పుట్టేలోగా పైన నీరు అయిపోతే ఆ కొమ్మ ఇక బ్రతకదు. నాగపూరు మే నెల ఎండ నలభై అయిదు డిగ్రీలను తాకుతుంది. ఆ ఎండలో నా కొమ్మల ఖజానా ఎన్నాళ్ళు ఆగుతుంది? కనుక కొమ్మ నాటడమంటే వేళ్ళకూ, వాడుదలకూ మధ్య జరిగే పరుగుపందెమే. నాటేవాడు చేయగలిగినదల్లా వేళ్ళ పక్షాన నిలిచి, వాడుదలను వీలైనంత ఆలస్యం చేయడం.

జూన్ నెలాఖరులో మండపేట నుండి కబురు వచ్చింది. ఆషాఢంలో పని ముట్టుకోరు. శ్రావణం రాగానే ఇల్లు పడగొడతారు. మల్లెకు మరొక్క నెల గడువు దొరికింది. జూలై మొదటి వారంలో మళ్ళీ బయలుదేరాను. ఈసారి నేరుగా మండపేట వెళ్ళకుండా ముందు కడియం వెళ్ళాను.

రాజమహేంద్రవరానికి దిగువన జాతీయ రహదారి వెంట కడియం, కడియపులంక గ్రామాలలో ఎటు చూసినా నర్సరీలే. దేశం నలుమూలలకూ లారీల మీద మొక్కలు పోయేది ఇక్కడి నుండే. తెల్లవారకముందే ఆడవాళ్ళు వరుసలుగా కూర్చొని, మాట్లాడుకుంటూనే, చేతివైపు చూడకుండానే, చిన్న చిన్న మట్టి సంచులలో కొమ్మలు గ్రుచ్చుతూ పోతారు. వారి వేళ్ళకు ఉన్న పాండిత్యం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒక చిన్న నర్సరీలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు నా గోడంతా ఓపికగా విన్నారు.

"చిగుళ్ళొచ్చాయంటున్నారు సరే, వేళ్ళొచ్చాయాండి?" అన్నారు నవ్వుతూ. "రోజూ పీకి చూశారా?"

"లేదండి, చచ్చిపోయాకనే చూశాను."

"ఆయ్, అదొక్కటి మంచి పని చేశారు."

ఆ పూట ఆయన నాకు నేర్పినదంతా ఒక కత్తి, ఒక బుట్ట ఇసుక ముందు పెట్టుకొని నేర్పినదే. కొమ్మ మరీ లేతది కాకూడదు, కుళ్ళిపోతుంది. మరీ ముదురుదీ కాకూడదు, మొండికేస్తుంది. పచ్చదనం తగ్గి గోధుమ రంగు తిరుగుతూ, వంచితే కొద్దిగా వంగి టక్కున విరిగే కొమ్మ కావాలి. లావు పెన్సిలు కంటె కొంచెం సన్నం. పొడవు జానెడు లోపు. కణుపులు మూడో నాలుగో. పూలతోనో మొగ్గలతోనో ఉన్న కొమ్మను తీసుకోకూడదు, దాని బలమంతా పువ్వు వైపే లాగుతుంది. క్రింది కోత కణుపుకు సరిగ్గా దిగువన ఏటవాలుగా, పై కోత కణుపుకు కొంచెం ఎగువన అడ్డంగా పడాలి. ఈ తేడా అందం కోసం కాదు. కట్టకట్టిన కొమ్మలలో ఏది తల, ఏది మొదలు అన్నది కొత్తవాడు ఇట్టే మరచిపోతాడు. తలక్రిందులుగా నాటిన కొమ్మ సాధారణంగా నిలదొక్కుకోదు. ఏటవాలు కోత క్రిందికి అని గుర్తు పెట్టుకుంటే చాలు.

క్రింది ఆకులన్నీ తీసివేయాలి. పై రెండు ఆకులు ఉంచి, వాటిని సగానికి కత్తిరించాలి. ఆకులు బొత్తిగా లేకుంటే తిండి తయారుకాదు; అన్నీ ఉంటే నీరు నిలవదు. అందుకే ఆ సగం ఆకుల రాజీ. కత్తి పదునుగా, శుభ్రంగా ఉండాలి; మొద్దు కత్తి కాండాన్ని నలిపివేస్తే ఆ నలిగిన చోటనే కుళ్ళు మొదలవుతుంది. తెగులు సోకిన చెట్టు నుండి కొమ్మ తీస్తే తెగులు కూడా వెంట వస్తుంది.

ఇక మట్టి సంగతి. ఎరువు వేశానని చెప్పగానే పెద్దాయన చేత్తో నుదురు కొట్టుకున్నారు. వేరు లేనివాడికి విందు ఎందుకండీ అని. నిజమే. వేళ్ళు పుట్టేదాకా కొమ్మకు కావలసినవి తడి, గాలి, ఎరువు కాదు. కడిగిన ఏటి ఇసుకా, కొబ్బరి పొట్టూ సమపాళ్ళలో కలిపితే నీరు నిలిచీ నిలవనట్లుంటుంది. ఇసుక సందులలో గాలి ఆడుతుంది. బంకమట్టిలో నీరు నిండితే గాలికి చోటుండదు. పుట్టబోయే వేరు ఊపిరాడక చస్తుంది. నా పదకొండు కొమ్మలనూ చంపింది దాహం మాత్రమే కాదు, పైన దాహమూ క్రింద ముంపూ కలిసి చంపాయి.

అసలు కాండం నుండి వేరు ఎలా వస్తుంది? విత్తనం మొలిచినప్పుడు వేరు దాని జన్మహక్కు. కాండానికి ఆ హక్కు లేదు. అయినా కోత పడినచోట ముందు ఒక తెల్లని గరుకు పొర కడుతుంది. మన చర్మం మీద గాయానికి పక్కు కట్టినట్లు. తరువాత బెరడుకూ దారువుకూ మధ్య ఉండే పలుచని విభాజ్య కణాల పొర దగ్గర, అంతవరకూ కాండాన్ని లావెక్కించే పనిలో ఉన్న కణాలు కొన్ని ఆ పని మానివేసి, కొత్తగా వేరు మొనలై విభజన చెందడం ప్రారంభిస్తాయి. పుట్టవలసిన చోట కాక వేరొక చోట పుట్టే ఈ వేళ్ళను మన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు అబ్బురపు వేళ్ళు అన్నాయి. ఆ పేరు పెట్టిన వారెవరో గాని వారికి నమస్కరించాలి.

ఆ కణాలకు ఆజ్ఞ ఎక్కడి నుండి వస్తుంది? పై మొగ్గల నుండీ, లేత ఆకుల నుండీ ఆక్సిన్ అనే వృద్ధి కారకం కాండం వెంట క్రిందికి ప్రవహిస్తూ ఉంటుంది. కొమ్మను కోయగానే దాని దారి తెగి, కోత దగ్గర పోగవుతుంది. ఆ పోగుపడడమే వేరుకు పిలుపు. మొక్క మొన నుండి ఏదో సందేశం క్రిందికి దిగుతున్నదని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో గడ్డి మొలకల మీద ప్రయోగాలు ప్రకటించి సూచించారు. హాలెండులోని ఉట్రెక్టులో 1926లో ఫ్రిట్స్ వెంట్ అనే యువకుడు ఓటు మొలకల మొనలను కోసి అగారు ముక్కల మీద ఉంచి, ఆ సందేశం ఒక రసాయనమేనని నిరూపించాడు. 1935 నాటికి ప్రయోగశాలలో తయారైన ఆక్సిన్ కొమ్మలకు వేళ్ళు పుట్టించగలదని తేలింది. అదే ఏడు అమెరికాలో ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం అనే దాని బంధువు ఆ పనిని మరింత నమ్మకంగా చేస్తుందని కనుగొన్నారు. ఈనాడు విత్తనాల దుకాణాలలో వేరు హార్మోను పేరిట అమ్మే తెల్లని పొడిలో ఉండేది చాలావరకు అదే. పది లక్షల పాళ్ళలో వెయ్యి నుండి మూడు వేల పాళ్ళు ఉంటే ఇటువంటి కొమ్మలకు సరిపోతుంది. ఎక్కువ అద్దితే ఎక్కువ వేళ్ళు వస్తాయనుకోవడం పొరపాటు. మోతాదు మించితే అదే విషమై మొదలు మాడిపోతుంది.

ఇంత శాస్త్రం తెలియని రోజులలోనే మనవారు ఈ పని చేశారు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించి, అరటి, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలం మొదలైన వాటిని కొమ్మలకు ఆవుపేడ పూసి నాటాలని చెప్పాడు. కోత ఎండిపోకుండా పేడ కాపాడుతుందని ఊహించవచ్చు. ఆ జాబితాలో పనస, నేరేడు కూడా ఉన్నాయి. నావంటి వారు ఆ రెండింటినీ ప్రయత్నించకపోవడమే మేలు. అవి కొమ్మతో వేరు తొడగడం చాలా కష్టం. సింహళంలోని అనూరాధపురంలో నేటికీ పూజలందుకుంటున్న బోధివృక్షం క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోకుని కుమార్తె సంఘమిత్ర బుద్ధగయ నుండి తీసుకుపోయిన కొమ్మ అని బౌద్ధుల సంప్రదాయం. సముద్రం దాటిన ఆ కొమ్మతో పోలిస్తే నా నాగపూరు ప్రయాణం ఎంత!

ఆ రోజు సాయంకాలానికి మండపేట చేరాను. మరునాడు తెల్లవారగానే, కొమ్మలలో నీరు నిండుగా ఉండే వేళ, ఇరవై నాలుగు కొమ్మలు కోశాను. పదింటిని కడియం పెద్దాయనకు అప్పగించాను. గుడ్లన్నీ ఒక బుట్టలో పెట్టవద్దని కాదు గాని, నా చేతి మీద నాకే నమ్మకం లేదు. పద్నాలుగింటిని తడి గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో ఉంచి, మూతి కట్టి నాగపూరు తెచ్చాను. నేను చేరిన వారానికే గోదావరికి పెద్ద వరద వచ్చింది. జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం డెబ్బై ఒక్క అడుగులు దాటింది. ఒక వారం ఆలస్యమైతే ఏమయ్యేదో!

ఈసారి తొట్టెలు ఉత్తరపు వరండాలో, ఎండ నేరుగా పడక వెలుతురు మాత్రం ఉండే చోట పెట్టాను. ప్రతి తొట్టెలో నాలుగు పుల్లలు పాతి, పైన పారదర్శకమైన పాలిథిన్ సంచి బోర్లించాను. లోపలి గాలి తడితో నిండి ఉంటే ఆకు నీటిని కోల్పోదు. రెండు రోజులకొకసారి కాసేపు సంచి ఎత్తి గాలి తగలనిచ్చాను, లేకపోతే బూజు పడుతుంది. నాలుగింటిని మాత్రం అడుగున చిల్లులు పొడిచిన గాజువంటి ప్లాస్టిక్ గ్లాసులలో నాటి, చుట్టూ నల్ల కాగితం చుట్టాను. కాగితం విప్పితే వేళ్ళు బయటికే కనబడతాయి. పెరికి చూడాలన్న పాపపు కోరికకు అది విరుగుడు.

మొదటి రెండు వారాలలో అయిదు కొమ్మలు నల్లబడ్డాయి. మూడవ వారంలో మరో మూడు. అమ్మ ఏమీ అనేది కాదు. ఉదయం కాఫీ గ్లాసు పట్టుకొని వచ్చి, లెక్కపెట్టి వెళ్ళిపోయేది. శ్రావణం ప్రవేశించింది. ఇల్లు పడగొట్టడం మొదలుపెట్టారని మా మేనమామ కుమారుడు ఫోనులో చెప్పాడు. బావి పూడ్చేశారట. ఆ సంగతి అమ్మకు రెండు రోజులదాకా చెప్పలేదు.

ఇంట్లో పెద్దవాళ్ళ మాట ముందే అడిగి ఉంటే ఈ అవస్థ లేకపోయేది. ఇల్లు బేరం కుదిరిన ఏప్రిల్‌లోనే ఒక తీగను నేలకు వంచి, కణుపు దగ్గర బెరడు కొద్దిగా గీసి, మట్టిలో తొక్కి, పైన రాయి పెట్టి ఉంటే, రెండు మూడు నెలలలో తల్లి నీడనే వేళ్ళు తొడిగి ఉండేది. తల్లి నుండి నీరు అందుతూనే ఉంటుంది కనుక ఈ నేల అంటు పద్ధతిలో వాడిపోయే భయం లేదు. మల్లెకు ఇంతకంటె నమ్మకమైన మార్గం లేదు. "నువ్వు అడగలేదుగా" అన్నది అమ్మ. ఇల్లు అమ్మేవారికి, ఊరు మారేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: కాగితాల మీద సంతకం చేసిన రోజే తీగ మీద రాయి పెట్టండి.

మొదటిసారి ప్రయత్నించేవారు మల్లెతోనో గులాబీతోనో మొదలుపెట్టకుండా ఉంటే మంచిది. మనీప్లాంటు కణుపును సీసాలోని నీళ్ళలో ఉంచితే చాలు, కొద్ది రోజులలో వేళ్ళు వస్తాయి. దొంగిలించి తెస్తేనే అది బాగా పెరుగుతుందని మన వాళ్ళ నమ్మకం. దొంగ అప్పటికప్పుడు త్రుంచిన పచ్చి తీగను ఆలస్యం చేయకుండా నాటుతాడు గదా, ఎందుకు పెరగదు! ఈ మొక్కకు పూలు పూయించే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారు చేసుకొనే శక్తి లోపించిందని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పువ్వు లేదు, విత్తు లేదు. కనుక మన ఇళ్ళలోని మనీప్లాంట్లన్నీ ఎవరో ఎవరి నుండో త్రుంచుకున్న తీగలే. మన మార్కెట్లలో అమ్మే ఢిల్లీ కనకాంబరం కూడా గింజ కట్టదు, కొమ్మలతోనే వ్యాపిస్తుంది.

మందార, నందివర్ధనం వానకాలంలో తేలికగా లొంగుతాయి. మునగకు ఇంత సున్నితం అక్కరలేదు. మీటరు పొడవు ముదురు కొమ్మను గోతిలో పాతితే చాలు. చెరకు రైతు మూడు కళ్ళ ముచ్చెలు నాటేదీ ఈ విద్యతోనే. దేవగన్నేరు కొమ్మను మాత్రం కోసిన వెంటనే నాటకూడదు. పాలు కారడం ఆగి కోత ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచాలి. గన్నేరు సీసా నీటిలోనే వేళ్ళు వేస్తుంది గాని అది విషపు మొక్క. ఆ నీటిని పిల్లలకు అందనివ్వకూడదు. నాటు గులాబీ వస్తుంది. అంటుకట్టి అమ్మే పెద్ద పూల గులాబీలు చాలావరకు ఏడిపిస్తాయి. మామిడి కొమ్మతో కుస్తీ పట్టవద్దు, దానికి అంటు కట్టడమే దారి. కొబ్బరి, తాడి చెట్లకు కొమ్మే లేదు, విభాజ్య కణాల పొరా లేదు.

నలభై ఒకటవ రోజున ఒక గ్లాసు చుట్టూ కాగితం విప్పాను. ఇసుకకూ ప్లాస్టిక్‌కూ మధ్య దారపు పోగంత తెల్లని గీత ఒకటి ఏటవాలుగా దిగుతున్నది. ముందు గీటు పడిందేమో అనుకున్నాను. దాని మొన పసుపుపచ్చగా ఉంది. అమ్మను పిలిచాను. ఈసారి ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నది.

పద్నాలుగింటిలో నాలుగు వేళ్ళూనాయి. ఒక్కసారిగా బయటికి తీయలేదు. సంచికి రోజుకొక చిల్లు పొడుస్తూ పది రోజులలో బయటి గాలికి అలవాటు చేశాను. ఆ తరువాతనే ఎరువు కలిపిన మట్టిలోకి మార్చాను. అందులో ఒకటి ఆ మార్పుకు తట్టుకోలేదు. కడియం పెద్దాయన చేతిలో పదింటికి ఏడు బ్రతికాయి. వాటిలో రెండు మా చెల్లెలు విశాఖపట్నం తీసుకుపోయింది. మిగిలినవి ఆయన వద్దనే ఉంచుకోమన్నాను.

విత్తనంతో పుట్టినది బిడ్డ. కొమ్మతో పుట్టినది ఆ చెట్టే. నాగపూరు వరండాలో ఉన్నది అమ్మ పుట్టింటి పందిరి మీది మల్లెకు మనుమరాలు కాదు, ఆ మల్లే. ఈ మాట వృక్షశాస్త్రం దృష్టితో చెబుతున్నాను. అమ్మకు చెబితే, "అది నాకు తెలీదా?" అన్నది.

2023 ఏప్రిల్‌లో మొదటి విడత పదిహేడు మొగ్గలు వచ్చాయి. మాల కట్టడానికి అరటినార దొరకలేదు, తెల్లదారంతో కట్టింది. ఆ ఏడు జూన్‌లో, వాన పడ్డ మరునాడు, అమ్మ చెప్పినట్లు ఒక తీగను వంచి ప్రక్క తొట్టెలోని మట్టిలోకి తొక్కించాను. పైన రాయి పెట్టాను. ఆగస్టు దాకా దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదని అమ్మ ఆజ్ఞ.